రెక్కకు వల ముడి

పోలేరయ్యను మొదటిసారి కలిసినప్పుడు ఆయన నన్ను కూర్చోమనలేదు. ఒళ్లోని వల మీద నుంచి తల ఎత్తకుండానే, "ఏ ఆఫీసు?" అని అడిగాడు. ఏ ఆఫీసూ కాదన్నాను. "మరి ఏ పేపరు?" పేపరూ కాదన్నాను. అప్పుడు తల ఎత్తి నా చెప్పులు చూశాడు, చేతిలో సంచి చూశాడు, సంచిలో ఏముందో చూపించమన్నాడు. అరటిపళ్లు. ఒకటి తీసుకుని వాసన చూసి పక్కన పెట్టి, "ఏం కావాల?" అన్నాడు.

విమానం సంగతి వినాలని వచ్చానంటే మళ్లీ తల దించేశాడు. ఆ రోజంతా వల సూది కదలడమే చూశాను. అలా మూడుసార్లు ఊరికే వెళ్లి ఊరికే వచ్చాను. నాలుగోసారి ఆయనే, "నువ్వు బోటు మాల్యాద్రి పంపిన మనిషివి కాదని తేల్చుకున్నా, కూర్చో," అన్నాడు. ఎలా తేల్చుకున్నాడో ఇప్పటికీ చెప్పలేదు.

ముత్తుకూరు నుంచి తూర్పుకు, కరెంటు కేంద్రం బూడిద లారీలు తిరిగే రోడ్డు దాటి పోతే సముద్రం ఒడ్డున ఆయన ఉండే పాలెం వస్తుంది. వయసు అరవై. పన్నెండేళ్లకే తండ్రి దగ్గర వల కట్టడం నేర్చుకున్నాడు. నలభై దాటాక మోకాలు మొరాయించి పడవ ఎక్కడం మానేశాడు కానీ, ఆ తీరంలో పది పాలేల వలలు ఆయన చేతి మీదుగానే సముద్రంలోకి వెళ్తాయి. కొత్త వల కొంటే సరిపోదు. దానికి పైన తేలడానికి బెండ్ల తాడు, కింద మునగడానికి సీసం గుండ్ల తాడు కట్టాలి. ఆ కట్టడంలోనే మనిషి చేయి తెలుస్తుంది. పోలేరయ్య ముడి పడిందంటే విప్పడం ఆయన వల్ల కూడా కాదు, కొయ్యాల్సిందే. ఈ మాట ఆయన చెప్పలేదు. ఆయన భార్య ఆదిశేషమ్మ చెప్పింది, కొంచెం గర్వంగా, కొంచెం విసుగ్గా.

మూడేళ్ల కిందట, వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలల్లో, పాలేనికి ఉత్తరాన మూతబడిన రొయ్యపిల్లల హేచరీ గేటు తెరుచుకుంది. సుభాషిణి అనే ఆమె దిగింది. యాభై దాటిన మనిషి, నెల్లూరులో పుట్టి పెరిగింది, బెంగళూరులో విమానాలు బాగుచేసే ఇంజనీరుగా పాతికేళ్లు పనిచేసి మానుకుంది. హేచరీ ఆమె తమ్ముడిది. నీళ్ల తొట్లు పగలగొట్టించి, ఆ పొడుగాటి షెడ్డులోకి చెక్క పెట్టెలు దించింది. గేటుకు తాళం వేసుకుంది.

తాళం వేసుకోవడమే తప్పయింది. పాలెంలో నిషేధం రోజుల్లో మగవాళ్లకు పని తక్కువ, చూపు ఎక్కువ. కెమెరా విమానం చేస్తోందని ఒకరు, నిషేధంలో ఎవరు వేటకు పోతున్నారో పైనుంచి లెక్కబెట్టి ఆఫీసుకు పంపుతుందని ఒకరు, పోర్టు కోసం భూములు కొలవడానికి వచ్చిందని ఒకరు. ఫైబర్ బోటు ఓనరు మాల్యాద్రి అయితే ఏదీ తేల్చకుండా, "ఒక్క మనిషి, మొగుడు లేడు, పనోడు లేడు, గేటుకి తాళం. మంచి పనికి తాళమెందుకు?" అని అందరినీ అడిగేవాడు.

పోలేరయ్యకూ అనుమానమే. అందుకే ఒక సాయంత్రం ఆమె ఒడ్డున తన పక్కకొచ్చి నిలబడితే సూది ఆపేశాడు.

"ఆపొద్దన్నా. ఆ ముడి ఇంకోసారి వెయ్యి," అంది సుభాషిణి.

"ఎందుకు?"

"నేను పుస్తకం చూసి పదిరోజులుగా అదే ముడి నేర్చుకుంటున్నా. ఒకటి వెయ్యడానికి మూడు నిమిషాలు పడతా ఉంది. నువ్వు గాలి పీల్చేలోపు వేసేశావు."

జేబులోంచి మడిచిన కాగితం తీసి చూపించింది. ఇంగ్లీషులో ఏదో రాసుంది. కింద బొమ్మ. బొమ్మలో ఉన్నది పోలేరయ్య తండ్రి నేర్పిన ముడే. ఎక్కడి పుస్తకంలోకో తన ఇంటి ముడి ఎలా పోయిందని ఆయనకు ఇంకో అనుమానం మొదలైంది.

"విమానంలో వల యాడుంటాదమ్మా?"

"వల ఉండదు. రెక్క ఉంటుంది. రెక్కకు చెక్క ఎముకలు, ఎముకల మీద బట్ట. ఆ బట్టను ఎముకకు కట్టిపడేసేది ఈ ముడే."

మర్నాడు షెడ్డుకు వెళ్లాడు. ముందు కెమెరా ఎక్కడుందో వెతికాడు. కనిపించలేదు. ఆకాశంలో ఎగరాల్సింది గోనెసంచి పట్టేంత చిన్న సీటుతో, చక్రాల మీద అస్థిపంజరంలా నిలబడి ఉంది. గోడకు నాలుగు రెక్కలు ఆనించి ఉన్నాయి, పైన రెండు, కింద రెండు బిగించేవి. విమానశాఖ కాగితాలన్నీ ఆమె వరసగా చూపించింది. ఇక్కడ కట్టడమే తప్ప ఎగరెయ్యడం లేదనీ, పోర్టూ రాకెట్ కేంద్రమూ ఉన్న ఈ తీరంలో దాన్ని ఎగరనివ్వరనీ, కర్ణాటకలో ఒక చిన్న రన్‌వేకి లారీ మీద తీసుకుపోతాననీ చెప్పింది.

"పొయ్యి ఏం చేస్తావు?"

"పల్టీలు కొట్టిస్తా. తలకిందులుగా నడుపుతా. నిట్టనిలువుగా పైకిపోయి, వెనక్కి తిరిగి కిందికొస్తా. అందుకే కడుతున్నా దీన్ని."

పోలేరయ్య చాలాసేపు ఆమె మొహం చూశాడట. "సముద్రంలో పడవ బోల్తా పడితే మనిషి పోతాడమ్మా. నువ్వు కావాలని బోల్తా కొట్టిస్తావా?"

"బోల్తా పడటం వేరు, కొట్టించడం వేరు అన్నా. కానీ కొట్టించేటప్పుడు నా బరువు ఐదింతలు, ఆరింతలు అవుతుంది. విమానం బరువూ అంతే. అప్పుడు ప్రతి కుట్టూ నిలబడాలి. నిలబడకపోతే నేను ఉండను."

ప్రతి కుట్టూ నిలబడాలి. ఆ మాట పోలేరయ్య విన్నాడు. బోటు ఓనర్లందరూ చెప్పే మాటే అనుకున్నాడు. ఏ ఓనరు మాత్రం వదులుగా కట్టమంటాడు?

పని మొదలైంది. బట్టను ఎముకల మీద పరిచి జిగురుతో అంటించి, ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే అది డప్పు తోలులా బిగిసేది. కిటికీలోంచి అది చూసి వెళ్లిన ఆదిశేషమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "మొగుడి చొక్కాకి ముప్పై ఏండ్లలో ఇస్త్రీ చెయ్యలా నేను. ఆ యమ్మ రెక్కకి ఇస్త్రీ చేస్తా ఉంది. నీకింకేం కావాల, పో, ఆడే ఉండు," అంది.

తర్వాత రెక్కను నిలువుగా నిలబెట్టేవారు. ఆమె ఒక పక్క, ఆయన ఒక పక్క. మూరెడు పొడుగు సూదిని ఆమె ఎముకకు ఆనించి ఇటు పొడిస్తే, ఆయన అందుకుని ఎముకకు అవతలి అంచున అటు పొడిచేవాడు. మైనం రాసిన దారం రెక్కను ఇటూ అటూ పట్టుకుని బిగిసేది, ఆయన ముడి వేసేవాడు. మధ్యలో బట్ట. ఒకరికొకరు కనిపించరు. సూది మొన కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. ఇద్దరి అనుమానాలూ ఆ బట్ట గుండానే అటూ ఇటూ నడిచాయి.

"అన్నా, మీ వాళ్లు నా గురించి ఏమంటున్నారు?"

"ఏమంటారు? ఏం అనలేదు."

"పొద్దున గేటు దగ్గర మాల్యాద్రి ఫోన్‌తో ఫోటోలు తీస్తా ఉన్నాడు."

"వాడు కాకి వాలినా ఫోటో తీస్తాడులేమ్మా. నీ సంగతి చెప్పు. మొగుడేడీ?"

"విడిపోయాం. ఇరవై ఏళ్లయింది."

"విమానం గురించేనా?"

"కాదు. అప్పుడు విమానం లేదు. ఉండుంటే బాగుండేది," అంది. సూది ఇటు వచ్చింది.

పోలేరయ్య ఆ మాటకు నవ్వాలో వద్దో తేల్చుకోలేక ముడి వేశాడట.

ఒక్కో రెక్కకు పదకొండు ఎముకలు. ఒక్కో ఎముకకు ఇరవై ముడులు. నాలుగు రెక్కలకూ కలిపి ఎనిమిది వందల ఎనభై. ఆమె ప్రతి ముడినీ లైటు పెట్టి చూసింది. అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయని మురిసిపోయింది. వాటి మీద బట్ట పట్టీ అంటించి, రంగు పూస్తే రెక్క పూర్తవుతుంది. పట్టీ అంటించే ముందు ముడుల బలం చూడాలని చేపలు తూచే స్ప్రింగు కాటా ఒకటి కొనుక్కొచ్చింది.

సరిగ్గా దానికి ముందురోజే మాల్యాద్రి ఇంకో ఇద్దరిని వెంటేసుకుని షెడ్డులోకి వచ్చాడు. ఆ పూట ఆమె ముత్తుకూరు వెళ్లింది. పోలేరయ్య ఒక్కడే ఉన్నాడు. గేటు తెరిచే ఉంది.

"ఏం మామా, నిషేధం అయిపోవస్తా ఉంది, నా వలలు అట్నే పడుండాయి. నువ్వీడ రెక్కలు కుట్టుకుంటా ఉండావా? మేడం పల్టీ కొట్టేటప్పుడు నువ్వూ ఎనక కూర్చుంటావా?"

"ఒక్కటే సీటు. నీలాంటోడికి చోటు లేదు. వచ్చిన పని చూసుకుని పో."

"వచ్చిన పనే చూస్తా ఉండా." మాల్యాద్రి గోడకానిన రెక్కల పక్కనుంచి నడిచాడు. బట్ట మీద వేలుతో తట్టాడు. ఢం అంది. "ఇదేనా? నా లుంగీ ఇంకా మందం."

"ముట్టుకోబాక!"

"ముట్టుకుంటే పడిపోద్దా? పడిపోయేదాంట్లో మనిషిని ఎట్టా ఎక్కిస్తారు మామా?" నవ్వుకుంటూ ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున సుభాషిణి కాటా కొక్కేన్ని మొదటి రెక్కలో ఒక దారానికి తగిలించి లాగింది. పదిహేను కిలోల దగ్గర ముల్లు ఆగింది, ముడి కదల్లేదు. అక్కడక్కడ ఇంకో నాలుగు చూసింది. కదల్లేదు. రెండో రెక్క నాలుగో ఎముకలో ఒకటి తగిలించి లాగింది. నాలుగు కిలోలకే ముడి మెత్తగా జారి, దారం వేలంత వదులైంది.

ఆమె ఏడో ఎముకలో ఇంకోటి లాగింది. అదీ జారింది.

"నిన్న ఎవరొచ్చారు?" అంది.

పోలేరయ్య చెప్పాడు. చెబుతుంటేనే ఆయనకూ కోపం పొంగింది. రెక్కల పక్కన నడిచినవాడు మాల్యాద్రి. వేలుతో తట్టింది మాల్యాద్రి. తను మాల్యాద్రితో వాదులాడుతుంటే మిగతా ఇద్దరూ ఎక్కడున్నారో చూశాడా? చూడలేదు.

"ఇంకేదీ ముట్టుకోవద్దన్నా. ఇది సాక్ష్యం," అంది సుభాషిణి. మిగతావి లాగి చూడకుండా కాటా కింద పెట్టేసింది. కుర్చీలో కూర్చుని పోలీసులకు కంప్లయింటు రాయడం మొదలుపెట్టింది. "ఇది బట్ట చించడం కాదు. నన్ను చంపడం. పట్టీ అంటించేసి ఉంటే నాకు తెలిసేదే కాదు. పైకి పోయి పల్టీ కొట్టినప్పుడు తెలిసేది."

"రెండు ముడులు జారితే రెక్క పోద్దామ్మా?"

"గాలి బట్టను నొక్కుతుందనుకుంటావు కదా. నొక్కదు, పీకుతుంది. పైకి పీకుతుంది. తలకిందులైతే రెక్క అడుగు వైపు పీకుతుంది. ఒకటి జారితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. అది తెగితే దాని పక్కది. ఎముక ఎముకా వరసగా లేచిపోతుంది."

పోలేరయ్య అప్పటికి అది విన్నాడు అంతే. కోపంలో విన్నాడు. మోకాలి నొప్పి కూడా మరిచి ఒడ్డుకు నడిచాడు.

మాల్యాద్రి బోటు నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ముడులు యాడ ఇప్పినావురా?"

"ఏ ముడులు?"

"రెక్కవి. రెండో రెక్కలో. నీ పక్కనుండే ఇద్దరిలో ఎవుడు ఇప్పినాడు? ఆ యమ్మ కంప్లయింటు రాస్తా ఉంది. ఆడమనిషిని చంపుదామనుకున్నావా?"

మాల్యాద్రి గ్లాసు పక్కన పెట్టాడు. "మామా, నీ ముడి ఇప్పడం నాకు చాతనవుతుందా? నువ్వే చెప్పు. ఈ పాలెంలో ఎవుడికన్నా చాతనవుతుందా?"

"ఇప్పినారు గదా!"

"ఇప్పినారో, అదే వదిలిందో!" అని లేచాడు మాల్యాద్రి. కోపం వచ్చింది అతనికి. బోటులోంచి ఒక వల లాగి ఇసుకలో పరిచాడు. "ఇది చూడు. పోయినేడు నువ్వు కట్టిందే. మార్చిలో పోర్టుకి దచ్చినంగా మునిగిన పాత బార్జి పడవకి తగులుకున్నింది. కింది తాడు పోయిందిరా దేవుడా, వల కూడా పోయింది అనుకున్నా. లాగితే వచ్చింది. తాడు ఆడనే ఇరుక్కుంది, నీ ముడులు టపటపా వదిలేసినాయి, వల చినగకుండా పైకొచ్చింది. ఆ రోజు నిన్ను తలుచుకుని దండం పెట్టుకున్నా మామా. అట్టాంటి చేతిని నేను చెడగొడతానా? నువ్వు నన్ను ఎన్నన్నా అను, దొంగోణ్ని అనబాక."

పోలేరయ్య వంగి చూశాడు. వల కింది అంచు పొడుగునా, తాడు నుంచి విడిపోయిన చోట్ల దారాలు జారి వదులుగా వేలాడుతున్నాయి. తొమ్మిది గట్టివి, ఒకటి జారింది. తొమ్మిది గట్టివి, ఒకటి జారింది.

అక్కడ ఆయన ఇసుకలో కూర్చుండిపోయాడు.

ఈ భాగం చెప్పేటప్పుడు పోలేరయ్య నా వైపు చూడడు. వల కట్టేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ప్రతి పదో ముడినీ పూర్తిగా బిగించరు. చూడటానికి మిగతా తొమ్మిదిలాగే ఉంటుంది, లోపల ఒక చుట్టు తక్కువ. దాన్ని వదిలే ముడి అంటారు. నీళ్ల కింద రాయికో మునిగిన పడవకో తాడు తగులుకుంటే ఆ ముడులు వరసగా జారి దారాన్ని వదులు చేస్తాయి, గట్టివాటితో సహా దారమంతా తాడు మీద నుంచి ఊడొచ్చి వల బతుకుతుంది. ఆ ముడి ఎక్కడుందో ఓనరుకు చెప్పకూడదు. చెబితే ఓనరు భయపడి దాన్నీ బిగించుకుంటాడు, వల మొత్తం పోగొట్టుకుంటాడు. పోలేరయ్య తండ్రి ఆయనకు మొదట నేర్పింది ఆ ముడి. రెండోది, నోరు మూసుకోవడం.

రెక్క కుట్టేటప్పుడు పదో ముడి దగ్గరికొచ్చేసరికి ఆయన వేళ్లు ఆ చుట్టు తగ్గించాయి. అలవాటుగా కాదు, తెలిసే తగ్గించాడు. ఆమె మీద అభిమానంతోనే తగ్గించాడు. ఎక్కడైనా తగులుకుంటే రెక్క మిగలాలని.

"గాలి పీకుతాదని ఆ యమ్మ చెప్తానే ఉండింది," అన్నాడు నాతో. "నాకు గాలి అంటే పడవని నెట్టేదే. పీకే గాలి నేనెరగను. వదిల్తే మిగిలేది వల. వదిల్తే పోయేది రెక్క. ఆ మాట నాకు ఒడ్డున కూర్చున్నాక ఎక్కింది."

అప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. ఊరుకుంటే మాల్యాద్రి స్టేషనుకు పోతాడు. ఆమె జారిన రెండు ముడులూ బిగించుకుని, మిగతావి బాగున్నాయనుకుని పట్టీ అంటిస్తుంది. ఇంకో ఎనభై ఆరు వదిలే ముడులతో ఆకాశంలో తలకిందులవుతుంది. చెబితే, పది పాలేల్లో తిరిగిన ఆయన చేయి ఒక మనిషి ప్రాణం మీదకు తెచ్చిందని తన నోటితోనే ఒప్పుకోవాలి.

షెడ్డుకు తిరిగి వెళ్లాడు. ఆమె రెక్కకు అవతల ఉంది. ఆయన ఇవతలే ఆగాడు.

"అమ్మా, మాల్యాద్రి కాదు."

"మరి?"

"నేనే."

ఆమె రెక్క చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన అంతా చెప్పాడు. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవురూ చెయ్యమనలా."

"ఎవరో చెప్పకుండా ఇలాంటి పని చెయ్యవు నువ్వు."

"మా నాయన చెప్పినాడు. నలభై ఐదేండ్ల కింద."

ఆమె నవ్వలేదు. "మాల్యాద్రిని కాపాడటానికి నీ మీద వేసుకుంటున్నావు. మామా అంటాడు నిన్ను."

"పాలెంలో కోడిపిల్ల కూడా నన్ను మామా అంటాదమ్మా. వాడి కోసం నేనెందుకు..."

"ఉండు." కాటా తీసుకుంది. "మూడో రెక్క. నేను ముట్టుకోలేదు. ఆరో ఎముకలో వదిలేవి ఏవి?"

"పది, ఇరవై."

పదోది లాగింది. జారింది. ఇరవయ్యోది జారింది. పంతొమ్మిదోది పదిహేను కిలోలకు కూడా కదల్లేదు. ఇంకో ఎముక చూసింది. ఇంకోటి. నాలుగో ఎముక దగ్గర కాటా కింద పడేసింది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్పకూడదు గదమ్మా."

"ఇంకా ఏమేం ఉన్నాయి? నాకు చెప్పకూడనివి?"

పోలేరయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "మొదటి రెక్కలో మొదటి ముడికి పసుపు రాసినా. అంతే."

"పసుపు," అంది ఆమె. "సరే, ఇంటికి పో అన్నా."

కంప్లయింటు కాగితం ఆ సాయంత్రమే చింపేసింది. ఒడ్డుకు వచ్చి మాల్యాద్రికి సారీ చెప్పింది కూడా. అతను అందరూ వినేలా, "పరవాలేదు మేడం, ఈసారి దొంగ కావాలంటే ముందు ఇంట్లో వెతకండి," అన్నాడు. పోలేరయ్యకు మాత్రం మూడు రోజులు గేటు తెరుచుకోలేదు. ఆయన పొద్దున్నే వెళ్లి గేటు బయట కూర్చునేవాడు, ఎండ ముదిరాక లేచి వచ్చేవాడు. ఆదిశేషమ్మ మూడో రోజు ఆ గేటు దగ్గరికే వచ్చి నిలబడి లోపలికి వినపడేలా అరిచింది.

"ఏమమ్మోయ్! మా ఆయనకి పన్నెండేండ్ల వయసు నుంచి వచ్చింది ఒకటే పని. అది తప్పయితే తప్పని చెప్పి పంపించు. ఇట్టా కుక్క మాదిరి కూర్చోబెట్టబాక!"

నాలుగో రోజు గేటు తెరిచి ఉంది.

"అన్నీ కోసెయ్యాలి," అంది సుభాషిణి. "వదిలేవి మాత్రమే కాదు. ఎనిమిది వందల ఎనభయ్యీ. గట్టివేవో నువ్వు చెబితే నమ్మాలి. నమ్మలేను."

"నమ్మబాక. కోస్తా."

రెండు రోజులు కోశాడు. తన చేతి ముడులు తన చేతితోనే. దారపు ముక్కలు ఒక సంచిలో వేసి, లెక్క సరిపోయిందో లేదో ఆమె చూసుకుంది. తర్వాత రెక్కను మళ్లీ నిలబెట్టారు.

"ఈసారి నువ్వు ముడి వేసిన ప్రతిదాన్నీ నేను లాగుతాను. అవమానం అనుకోవద్దు."

"అనుకుంటా. అయినా లాగు."

అలాగే జరిగింది. ఆయన ముడి వేయడం, ఆమె చుట్టూ తిరిగి వచ్చి కాటా తగిలించడం, ముల్లు పదిహేను దాటాక తలూపి తిరిగి వెళ్లడం. పది రోజుల పని ఇరవై ఆరు రోజులైంది. మొదట్లో మాటల్లేవు. పదో ముడి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన ఆగి, ఆ ముడిని పైకే చెబుతూ వేసేవాడు. "ఒక చుట్టు. రెండు. మూడు. బిగించినా, చూస్కో." వేళ్లు మాత్రం ప్రతిసారీ రెండో చుట్టు దగ్గర ఆగిపోయేవట. వాటిని తోసి మూడోది వేయించాల్సి వచ్చేది. నాలుగో రెక్కకు వచ్చేసరికి ఆమె అవతల నుంచి అడిగింది.

"అన్నా, ఇప్పుడు వలలకు ముడి వేసేటప్పుడు ఏమవుతుంది? అక్కడ కూడా మూడు చుట్లు వేస్తున్నావా?"

పోలేరయ్య చేయి ఆగింది. ముందురోజు పొద్దున తను కట్టిన వల గుర్తొచ్చింది. సూది అలాగే రెక్కలో వదిలేసి ఒడ్డుకు పోయాడు. మాల్యాద్రి బోటులోంచి వల దించి, పదో ముడి, ఇరవయ్యో ముడి చూసుకుంటూ పోయాడు. అనుమానం నిజమే. నాలుగు చోట్ల మూడు చుట్లు పడి ఉన్నాయి. మాల్యాద్రి చూస్తుండగానే కోసి మళ్లీ వేశాడు.

"ఏం మామా, ఎవురి రెక్క ఎవురి వలకి కుట్టినావు?"

"నోరు ముయ్యి. చెప్పకూడదు."

అక్టోబరులో విమానం లారీ ఎక్కింది. పసుపు రంగు, తోక మీద ఏ పేరూ లేదు. ఆ చలికాలమంతా ఆమె దాన్ని తిన్నగా మాత్రమే నడిపిందట, ఒక్కో గంట, ఒక్కో గంట, కొత్త విమానాలకుండే నిబంధన ప్రకారం. ఫోన్ చేసినప్పుడల్లా పోలేరయ్య బాగున్నావా అని అడిగేవాడు కాదు. "పట్టీ యాడన్నా లేచిందా? బట్ట ఉబ్బిందా?" అని అడిగేవాడు. లేదంటే, "మళ్లీ చూడు," అని పెట్టేసేవాడు.

ఫిబ్రవరిలో కబురొచ్చింది. ఆదివారం పల్టీ కొట్టిస్తానంది. పోలేరయ్య జీవితంలో మొదటిసారి జిల్లా దాటి రైలెక్కాడు. చింతతోపుల మధ్య ఒక నల్లటి రోడ్డు ముక్క, ఒక రేకుల షెడ్డు. అంతే రన్‌వే అంటే. సుభాషిణి వీపుకు పారాచూట్ కట్టుకుని, గోనెసంచంత సీటులో ఇరుక్కుని కూర్చుంది. నాలుగు సీటు పట్టీలు బిగించుకుంటుంటే పోలేరయ్య చేయి పెట్టి ఒక్కోటి లాగి చూశాడు.

ఎగిరింది. పైకి, ఇంకా పైకి. చెవికి ఈగ శబ్దమంత అయ్యాక ముక్కు దించి, వేగం పట్టి, ఒక్కసారిగా నిలువుగా లేచింది. ఇంజను గొంతు మారింది. పైన ఒక్క క్షణం వెల్లకిలా నిలబడ్డట్టు కనిపించింది, కింది రెక్కలు ఆకాశం వైపు, పై రెక్కలు నేల వైపు. తర్వాత గుండ్రంగా కిందికి జారి మళ్లీ తిన్నగా వచ్చింది. మళ్లీ లేచింది. ఈసారి పక్కకు దొర్లింది, ఒడ్డున పీత దొర్లినట్టు. తర్వాత తలకిందులుగానే రన్‌వే పొడుగునా నడిచిపోయింది.

ఆయన చూశాడా అని అడిగాను. చూశానన్నాడు. విమానాన్ని కాదట. రెక్కల వెనకంచు చూశాడు. ఎక్కడైనా ఏదైనా వేలాడుతుందేమోనని.

దిగింది. షెడ్డు ముందుకొచ్చి ఇంజను ఆపింది. సీటు పైన మూసుకున్న అద్దం తీసి, చెమటతో తడిసిన మొహంతో, నోరంతా నవ్వుతో, "అన్నా!" అని చేతులు చాపింది. పోలేరయ్య ఆమె దగ్గరికి పోలేదు. పై రెక్క ఎడమవైపుకు పోయి, స్టూలు వేసుకుని ఎక్కి, మొదటి ఎముక మీద అరచేయి ఆనించాడు. రంగు కింద, పట్టీ కింద ఒక్కో ముడీ గింజలా తగులుతుంది. వేలితో ఒక్కోదాన్నీ తడుముతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ పోయాడు. పదో దాని దగ్గర ఆగి గోరుతో నొక్కి చూశాడు. ఇరవయ్యో దాని దగ్గర ఆగాడు. రెండో ఎముకకు జరిగాడు.

ఆమె సీటులోంచి దిగలేదు. కాసేపు ఆయన్నే చూసింది. "పెట్రోలు ఉంది. గాలి బాగుంది. ఇంకోసారి పోయొస్తా, జరుగు," అంది.

"ఇంకా మూడు రెక్కలుండాయి," అన్నాడు పోలేరయ్య చేయి తియ్యకుండానే. "అయ్యేదాకా ఎక్కబాక. కిందికి దిగమ్మా."

సుభాషిణి బెల్టు విప్పుకుని దిగింది. పారాచూట్ తీసి నేల మీద పెట్టి, అవతలి రెక్క కింద నీడలో కూర్చుంది.